నిద్రించు మనస్సు – మేల్కొను అనుభవము

మానవుని ఆయుర్దాయములో సుమారు మూడవ వంతు నిద్రలో గడిచిపోతుంది. ఆ సమయమున మనస్సు ఏమవుతుంది? పగలంతయు చూచినది, విన్నది, ఎరిగినది ఎక్కడకు పోతుంది? ఈ ప్రశ్నను ఇరువదియైదు శతాబ్దముల క్రిందటనే ఆలోచించి, దాని నుండి మెలకువ యొక్క విలువను నిర్ణయించిన తత్త్వవేత్త హెరాక్లిటస్. ఆయన భావములను మా విద్యార్థులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

హెరాక్లిటస్ క్రీ.పూ. 500 ప్రాంతమున ఎఫెసస్ అనే గ్రీకు నగరమున నివసించినాడు. ఆ నగర శిథిలములు నేటి టర్కీ దేశపు పశ్చిమ భాగమున ఉన్నవి. ఆయన ఒకే గ్రంథము రచించి, దానిని అర్తెమిస్ దేవాలయమున ఉంచినాడని ప్రతీతి. ఆ గ్రంథము నశించినది. తరువాతి రచయితలు ఉదాహరించిన నూటికి పైగా వాక్యఖండములు మాత్రమే మిగిలినవి. జర్మను పండితుడైన హెర్మన్ డీల్స్ 1903లో ప్రకటించిన సంపుటమున వాటిని సంఖ్యాక్రమముతో చేర్చినాడు. మాటలు సూత్రప్రాయముగా, చిక్కుగా ఉండుటచేత ప్రాచీనులే ఆయనను అర్థము కాని తత్త్వవేత్త యని చెప్పుకొన్నారు.

నిద్రను గూర్చి ఆయన సిద్ధాంతమును, సుమారు ఏడు శతాబ్దముల తరువాతి వాడైన సెక్స్టస్ ఎంపిరికస్ వివరించినాడు. ఇందులో తరువాతివారి మాటలు కొన్ని కలిసి ఉండవచ్చును గాని, సారము ఇది. మనలను ఆవరించియున్న జగత్తులో ఒక వివేకము నిండియున్నది. ఇంద్రియములు దానికి ద్వారములు. నిద్రలో ఆ ద్వారములు మూసికొనిపోగా మనస్సు జగత్తు నుండి వేరుపడుతుంది. శ్వాస యొక్కటే వేరువలె మిగిలి రెంటిని కలిపి ఉంచుతుంది. మేల్కొన్నప్పుడు మనస్సు కిటికీలలో నుండి తొంగిచూచినట్లు ఇంద్రియముల గుండా వెలుపలికి చూచి, తిరిగి వివేకమును పొందుతుంది. కుంపటి నుండి తీసి ప్రక్కన పెట్టిన నిప్పుకణిక నల్లబడి, మరల నిప్పు చెంతకు చేర్చగానే ఎర్రబడునట్లుగా ఇది జరుగుతుంది.

దీని నుండి ఆయన మరొక విషయము గ్రహించినాడు. మేల్కొన్నవారందరికి లోకము ఒక్కటే. నిద్రించువారు మాత్రము ఎవరికి వారు తమ సొంత లోకములోనికి పోతారు. ఒకే చాపపై పడుకొన్న ఇద్దరు అన్నదమ్ములలో ఒకడు పెండ్లిని, ఇంకొకడు వరదను కలగనవచ్చును. తెల్లవారిన పిమ్మట ఇద్దరు చూచే ముంగిలి ఒక్కటే. కనుక ఉమ్మడిగా ఉండుట మెలకువకు గుర్తు. ఒంటరిగా ఉండుట కలకు గుర్తు.

ఈ విషయమున తత్త్వవేత్తలందరు ఒకే దారి నడువలేదు. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులను మూడవస్థలుగా విభజించి, గాఢనిద్రను ఆనందమయమైన అవస్థగా వర్ణించి, వాటికి అతీతముగా నాలుగవ దానిని నిరూపించినది. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమున వెలసిన అల్ కిందీ, నిద్రయనగా ఆత్మ ఇంద్రియముల వాడుకను మానుటయే యని నిర్వచించినాడు. అప్పుడు ఊహాశక్తి మరింత బలపడునని తలచి, దానితో స్వప్నములకు కారణము చెప్పినాడు. వారు నిద్రలో ఒక లాభమును చూచినారు. హెరాక్లిటస్ చూచినది ప్రధానముగా నష్టమును.

అయితే ఆయన హెచ్చరిక పడకపై నిద్రించువారికి కాదు. కన్నులు తెరచియుండి నిద్రించువారికి. పనులు చేస్తూ, మాటలాడుతూ కూడ తమ సొంత ఊహలలోనే బ్రతికేవారు నిద్రితులతో సమానమని ఆయన అభిప్రాయము. అందుచేతనే చూచి, విని, అనుభవించి తెలిసికొన్నదానికి ఆయన ప్రథమస్థాన మిచ్చినాడు. చెవికంటె కన్ను నమ్మదగిన సాక్షి యన్నాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఆ వార్తను దూరప్రాంతమున విన్నవానికి అది ఒక గాలివేగపు అంకె. మరునాడు కొబ్బరితోట నేలపై వరుసగా పడియుండగా చూచిన ఉద్దానపు రైతుకు, మరల మొక్క నాటి కాయ చూచుటకు పట్టే ఏండ్లు కంటికి కట్టినవి.

కాని చూచుట ఒక్కటే చాలదని కూడ ఆయనయే చెప్పినాడు. భాష తెలియని మనస్సుకు కన్నులు, చెవులు చెడ్డ సాక్షులు. కోర్టులో సాక్షి చెప్పే భాష రాని న్యాయాధిపతికి ఆ సాక్ష్యము ఏమి ప్రయోజనము? అనేక విషయములు సేకరించినంత మాత్రమున వివేకము రాదనుట కూడ ఆయన మతము.

ఇందుకు మన ఉద్దానమే నిదర్శనము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో మధుమేహము గాని రక్తపోటు గాని లేనివారికి సైతము మూత్రపిండములు చెడిపోతున్నవి. ఒక ఇంటివారు తమ రోగిని మాత్రమే చూచినంతకాలము అది ఆ ఇంటి తలరాతగా తోచును. పొరుగింటివారిది వారి తలరాత. ఎవరి దుఃఖము వారిది, ఎవరి లోకము వారిది. హెరాక్లిటస్ చెప్పిన నిద్ర ఇదియే. వైద్యులు ఊరూరా రక్తము పరీక్షించి, ఒక ఊరి లెక్కను మరొక ఊరి లెక్క ప్రక్కన పెట్టినప్పుడు అది తలరాత కాక, అందరికి చెందిన ఉమ్మడి సమస్య అయినది. త్రాగునీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు – ఇట్లు పలు అనుమానములు పరిశీలించబడినవి. కారణము ఇదేయని శాస్త్రము ఇంకను తేల్చలేదు. అయినను 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రము వెలసినవన్న, హిరమండలము జలాశయపు నీరు ఉద్దానమునకు వచ్చినదన్న, ఆ ఉమ్మడి ఎరుకయే అందుకు మూలము.

కావున విద్యార్థులారా, నోట్సు కంఠస్థము చేసి పరీక్ష వ్రాయుట చదువులో ఒక భాగము మాత్రమే. సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు మీ ఊరిని చూడండి. ఎవరు ఏ బావి నీరు త్రాగుతున్నారో, ఎండలో ఎన్ని గంటలు పని చేస్తున్నారో విచారించండి. ఇంటిలో వ్యాధి యున్న దాచవద్దు, దాచనీయవద్దు. వెంటనే పరీక్షకు పంపండి. ఒక ఇంటిలో దాగిన అనుభవము ఆ ఇంటితోనే అంతరిస్తుంది. నలుగురి అనుభవముతో చేరినప్పుడే అది జ్ఞానమవుతుంది.