ఇంట్లో చదివిన చదువుకు బడిలో లెక్క ఉందా?

శిరివెళ్ల: పొద్దున్నే నంద్యాల, ఆళ్లగడ్డ బస్సులెక్కే కాలేజీ పిల్లలను ఇంటి అరుగు మీద నుంచి చూస్తూ నిలబడే ఆడపిల్లలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. తమ్ముణ్ణి ఆడించాలనో, పత్తి తీతకు మనిషి చాలదనో, పెద్దమనిషి అయిందనో ఏడులోనో ఎనిమిదిలోనో బడి మాన్పిస్తారు. ఎవరైనా అడిగితే "ఇంట్లో చదువుకుంటోంది లెండి" అంటారు. అన్న పాత పుస్తకాలు ముందేసుకుని నిజంగానే చదివే పిల్లలూ లేకపోలేదు. రెండేళ్లు గడిచాక మళ్లీ పంపుదామనుకున్నప్పుడే చిక్కు. ఆ చదువుకు కాగితం ఏదని అడుగుతారు.

పద్నాలుగేళ్లు దాటని పిల్లలకు కాగితం గొడవ లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వారిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందనో, పుట్టినతేదీ రుజువు లేదనో తిప్పి పంపరాదు. వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఒకసారి చేరితే, నడుమ పద్నాలుగు నిండినా, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదువుకోవచ్చు. అందుకే పదమూడేళ్ల పిల్లను "వచ్చే ఏడు చూద్దాంలే" అని ఆపితే అసలుకే మోసం.

తొమ్మిది, పది తరగతులకు ఆ చట్టం వర్తించదు. వయసు మీరిన పిల్లలకు మిగిలిన దారి ఓపెన్ స్కూలు. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం 1991 నుంచి ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి పేరు నమోదు చేసుకోవచ్చు. ఇంట్లో చదువుకుంటూ స్టడీ సెంటరులో తరగతులకు వెళ్లి వస్తే సరిపోతుంది. మొత్తం అయిదు సబ్జెక్టులు. అన్నీ ఒక్క ఊపులో రాయనక్కరలేదు. పాసైన సబ్జెక్టు ఖాతాలో పడి ఉంటుంది, తక్కినవి అయిదేళ్లలో పూర్తిచేసుకోవచ్చు. మామూలు బడిలో పది తప్పినవారు అక్కడ గట్టెక్కిన రెండు సబ్జెక్టుల మార్కులను ఇక్కడికి తెచ్చుకునే వీలూ ఉంది. ఆ సంగతి దరఖాస్తులోనే రాసి మార్కుల మెమో జతచేయాలి.

అందరూ పొరపాటు పడేది సబ్జెక్టుల ఎంపికలో. లెక్కలంటే భయమని వాటిని వదిలి, సులువుగా తోచినవి ఏరుకుంటారు. పది పాసవుతారు, నిజమే. తీరా పాలిటెక్నిక్‌కు వెళదామంటే పాలిసెట్‌కు పదిలో గణితం ఉండి తీరాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు కావాలో ముందు అనుకుని, చేరదలచిన కాలేజీలో ఒక మాట అడిగి వచ్చి, ఆ తర్వాతే దరఖాస్తు నింపడం మేలు. ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీల సీటుకు మామూలు బడిలో చదివి మొదటిసారే పది పాసై ఉండాలనే నిబంధన పెడుతూ వచ్చారు. చురుకైన పిల్లను ఇంట్లో కూర్చోబెట్టే ముందు తల్లిదండ్రులు ఈ ఒక్కటైనా ఆలోచించాలి.

ఎవరూ చెప్పని విషయం మరొకటుంది. కాలేజీ సీట్లలో స్థానికులెవరో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నిర్ణయించింది. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలంది. ఇంట్లో చదివినవారికి స్టడీ సర్టిఫికెట్లు ఎక్కడివి? బడికి వెళ్లని కాలం ఉన్నవారు పరీక్షకు ముందు నాలుగేళ్లు అక్కడే నివాసమున్నట్లు చూపితే చాలునని అదే ఉత్తర్వులో ఉంది. ఇది తెలియక సీటు వేళకు కంగారు పడతారు.

నివాస ధ్రువపత్రానికి నంద్యాల దాకా పోనక్కరలేదు. శిరివెళ్ల మండల కేంద్రమే గనుక తహశీల్దారు కార్యాలయం ఇక్కడే ఉంది. చివరగా చదివిన బడి నుంచి టీసీ, ఇంతవరకు చదివిన తరగతుల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోవాలి. సీట్ల వేళ వచ్చాక ఆఫీసుల ముందు వరుసలు పెరుగుతాయి.