లైబ్రేరియన్ కోర్సు చేశాక ఏంటి?

మన గోదావరిఖనిలో "ఏం జాబ్?" అని అడిగితే సింగరేణి అనో, ఎన్టీపీసీ అనో, లేదంటే సాఫ్ట్‌వేర్ అనో చెప్పాలి. "లైబ్రేరియన్" అంటే మాత్రం "పుస్తకాలు ఇచ్చుడే కదా, దానికి కూడా చదువు ఉంటదా?" అంటారు. మా పెద్దమ్మ కూతురు ఈ మాట చాలాసార్లు విన్నది. అక్క డిగ్రీ తర్వాత బీఎల్ఐఎస్సీ చేసి ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తోంది. వచ్చే ఏడాది పెద్దనాన్న గని నుంచి రిటైర్ అవుతారు, క్వార్టర్ ఖాళీ చేయాలి. ఇలాంటి టైంలో ఎంఎల్ఐఎస్సీ చేయాలా, లైన్ మార్చి బీఈడీకి పోవాలా అన్నది తేలట్లేదు. ఇద్దరం కూర్చుని తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నా.

ముందు చదువు సంగతి. ఏ డిగ్రీ ఉన్నా బీఎల్ఐఎస్సీ చేయొచ్చు, మన బీటెక్ అయినా సరే. అది ఏడాది కోర్సు. దాని మీద ఎంఎల్ఐఎస్సీ ఇంకో ఏడాది. ఉస్మానియాలో రెగ్యులర్‌గా చదవొచ్చు. ఉద్యోగం వదల్లేని వాళ్లకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది.

చదివాక దారులు ఒకటి కాదు. మొదటిది, జిల్లా గ్రంథాలయ సంస్థల కింద నడిచే పబ్లిక్ లైబ్రరీలు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కూడా కడతాం. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి సంస్థకు పంపాలి. అవి పంపితేనే కొత్త పుస్తకాలు వస్తాయి.

రెండోది, ప్రభుత్వ జూనియర్, పాలిటెక్నిక్ కాలేజీలు. 2022 చివర్లో టీఎస్‌పీఎస్సీ వీటికి నోటిఫికేషన్ ఇచ్చింది. రాష్ట్రం మొత్తానికీ 71 పోస్టులే.

మూడోది, డిగ్రీ కాలేజీలు, యూనివర్సిటీలు. యూజీసీ రూల్స్ ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు, దాంతోపాటు నెట్ కావాలి. రిజర్వ్‌డ్ కేటగిరీలకు 5 శాతం సడలింపు ఉంటుంది. డిస్టెన్స్ కదా, పాసైతే చాలు అనుకుంటే ఈ దారి అక్కడే ఆగిపోతుంది.

నాలుగోది మన సీఎస్ఈ వాళ్లకు దగ్గరిది. లైబ్రరీని కంప్యూటర్‌లో నడపడానికి కోహా, థీసిస్‌లు దాచి వెతకడానికి డీస్పేస్ వాడతారు. రెండూ ఓపెన్ సోర్సే. ఇవి నడపడం వస్తే నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే రోజుల్లో కూడా చేతిలో ఒక పని ఉన్నట్టే.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది: ఈ పని నాకు నచ్చుతుందా? ఈ డౌట్ ఎస్.ఆర్. రంగనాథన్‌కే వచ్చింది. ఆయన మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల లెక్చరర్. 1924 జనవరిలో మద్రాస్ యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరారు. ఆ ఒంటరితనం భరించలేక కొద్ది రోజులకే పాత ఉద్యోగం కావాలని వెనక్కి వెళ్లారు. ముందు లండన్ వెళ్లి లైబ్రరీ చదువు చదివి రా, అప్పటికీ నచ్చకపోతే తిరిగి వచ్చేయ్ అన్నట్టు ఒప్పందం కుదిరింది. అక్కడ ఆయన క్లాసులు వినడంతో ఆగలేదు. ఎన్నో లైబ్రరీలు తిరిగి, జనం వాటిని ఎలా వాడుకుంటున్నారో చూశారు. ఒక షాపులో మెకానో బొమ్మ ముక్కలు చూశాక, పుస్తకాల సబ్జెక్టులను కూడా ముక్కలుగా విడదీసి కలపొచ్చని తోచింది. 1933లో వచ్చిన కోలన్ క్లాసిఫికేషన్‌కు బీజం అదే. లెక్కల వైపు తిరిగి వెళ్లాల్సిన అవసరం ఆయనకు మళ్లీ రాలేదు.

అందుకే అక్కతో నేను చెప్పింది ఇది. పాఠం చెప్పడమే ఇష్టమైతే బీఈడీ మంచిదే. కానీ లైబ్రరీలో పని తక్కువ, విలువ లేదు అనిపించి మాత్రమే మారాలనుకుంటే, ముందు పెద్ద లైబ్రరీలు నాలుగు చూసి రా. అక్కడి వాళ్లు రోజంతా ఏం చేస్తారో అడుగు. అది నచ్చితే జీతం వదలకుండా ఓపెన్ యూనివర్సిటీలో ఎంఎల్ఐఎస్సీ కట్టు, 55 దాటేలా చదువు, కోహా నేర్చుకో. ఇన్‌స్టాల్ చేసి పెట్టే బాధ్యత నాది.

అక్క ఇంకా డిసైడ్ అవలేదు. ఈ ఆదివారం హైదరాబాద్ టికెట్ మాత్రం బుక్ చేసింది.