మెట్ల మీద కులం పేరుతో తిడితే కేసు అవుతుందా?

సర్కారు కాలనీల్లో భద్రత అనగానే సీసీ కెమెరాలు, పోలీసు ఔట్‌పోస్టు అంటారు. అవీ కావాలి. కానీ సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం సముదాయాన్ని చూడండి. ఒక్కచోటే 15,660 ఇళ్లు. ఇలాంటిచోట దళితులను కులం పేరుతో తిట్టడానికి వీధిలోకి రానక్కర్లేదు. మెట్లు, లిఫ్టు, వరండా చాలు.

"బిల్డింగు లోపలి గొడవ, అట్రాసిటీ వర్తించదు" అని స్టేషన్‌లో తిప్పి పంపితే? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎస్) చూసేది స్థలం ఎవరిదన్నది కాదు, తిట్టింది నలుగురి కంటపడే చోటా కాదా అన్నది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంటి గేటు దగ్గరి తిట్లనూ ఈ లెక్కలోకే తెచ్చింది. 2020లో హితేష్ వర్మ కేసులో మాత్రం, బయటివారెవరూ లేని నాలుగు గోడల మధ్య జరిగితే వర్తించదంది.

అందుకే ఫిర్యాదులో సరిగ్గా ఎక్కడ జరిగిందో, ఎవరెవరు విన్నారో రాయించాలి. సాక్షులు బంధుమిత్రులు కాని పొరుగువారైతే మేలు. కెమెరాను నమ్ముకోవద్దు, చాలావాటికి బొమ్మ పడుతుంది గానీ మాట పడదు. 2018లో చేర్చిన 18ఎ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. ఆ సంగతి పోలీసులకు మీరే గుర్తుచేయాల్సి రావచ్చు.