వంతెన బరువు ఏ భుజం మీద?

కొవ్వూరు దాటి రైలు గోదావరి మీదికి రాగానే చూపంతా నీళ్ల మీదే ఉంటుంది. రోడ్ కమ్ రైలు వంతెన గర్డర్ల కింద, స్తంభాల తలల మీద కూర్చున్న బేరింగుల వైపు ఎవరి చూపూ పోదు. 1974లో ప్రారంభమైన ఆ వంతెనలో పెద్ద స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య దూరం, ఒక్కోటి 91.5 మీటర్లు. అంత పొడవు ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 44 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుకు చోటివ్వాల్సిందీ, రైలు బరువును స్తంభానికి అప్పజెప్పాల్సిందీ బేరింగే.

గర్డర్ ఎంత నొక్కితే ఆధారం అంతే బలంతో పైకి నెడుతుంది. ఇంజనీర్లు దాన్ని రియాక్షన్ అంటారు. ఇద్దరు కర్రకు బిందె తగిలించుకుని మోస్తుంటే, బిందె ఎవరి వైపు జరిగితే వాళ్ల భుజం మీద భారం పెరుగుతుంది. ఇద్దరే ఉన్నంతవరకు లెక్క కాగితం మీదే తేలిపోతుంది.

మూడో భుజం వస్తేనే చిక్కు.

రెండు సమాన స్పాన్ల మీదుగా ఒకే గర్డర్ సాగి, బరువు అంతటా సమంగా పరుచుకుంటే అందులో 62.5 శాతం నడిమి స్తంభానిదే. ఒక్క స్పాన్ మీదే బరువు పడితే అవతలి చివర గర్డర్ పైకి లేవబోతుంది. సొంత బరువు దాన్ని అణచలేకపోతే అక్కడ కిందికి బిగించి పట్టాల్సిందే.

స్టాడ్ ప్రో, మైడాస్ సివిల్ వంటి సాఫ్ట్‌వేర్లకు ఇవన్నీ క్షణాల పని. కానీ ఏ ఆధారం జారుతుందో, ఏది కదలదో చెప్పాల్సింది మనిషే. జారాల్సిన చివరను కూడా కదలనిదిగా ఇచ్చేస్తే? అడ్డుకోతలో 500 చదరపు సెంటీమీటర్ల ఉక్కు ఉన్న గర్డర్ 40 డిగ్రీలు వేడెక్కగానే దాదాపు 490 టన్నుల అడ్డు తోపు తెర మీద కనిపిస్తుంది. జారే బేరింగున్న అసలు వంతెనలో అంత తోపు పుట్టదు. మొత్తం బరువూ నిలువు రియాక్షన్ల మొత్తమూ సరిపోయాయని చూసుకుంటే ఈ తప్పు దొరకదు. ఆ కూడిక సరైన నమూనాలోనూ తప్పు నమూనాలోనూ ఒకటే.

అందుకే బరువులన్నీ తీసేసి, ఉష్ణోగ్రత ఒక్కటే ఇచ్చి నమూనాను ఓసారి నడిపి చూడాలి. ఒక చివర స్వేచ్ఛగా జారే 91.5 మీటర్ల స్పాన్ అయితే అడ్డు రియాక్షన్ సున్నా రావాలి, జారే చివర 44 మిల్లీమీటర్లు జరగాలి.