ఉప్పుగాలితో తుప్పు.. కొలతలో తప్పు
తీరంలో లేత్ యంత్రాలకు ప్రత్యేక సంరక్షణ తప్పనిసరి

సూళ్లూరుపేట: తూర్పున పులికాట్ సరస్సు, దాని ఆవల శ్రీహరికోట, బంగాళాఖాతం. ఈ ఉప్పుగాలి సూళ్లూరుపేట పరిసరాల్లోని లేత్ వర్క్‌షాపులకు నిత్య శత్రువు. బెడ్‌పై తుప్పు పడితే సాడిల్ సాఫీగా కదలదు, కొలత నిలవదు. మోటారు షాఫ్టుపై బేరింగ్ కూర్చునే చోట ఒకటి రెండు వందో వంతుల మిల్లీమీటరు తగ్గినా బేరింగ్ పట్టు సడలి వేడెక్కుతుంది. చివరకు నష్టపోయేది పంటకు నీరందని రైతే.

తుప్పు ఎందుకు?
గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు రేణువులు దాన్ని పీల్చుకుని నీరుగా మారతాయి. ఈ ఉప్పునీటి పొర పోత ఇనుమును త్వరగా తినేస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు-డిసెంబరు నెలల్లో మరింత అప్రమత్తత అవసరం. పని ముగియగానే రజనును బ్రష్‌తో తీసి, బెడ్‌ను పొడిగుడ్డతో తుడిచి, 68 గ్రేడు స్లయిడ్‌వే ఆయిల్ పూయాలి. గాలి పైపుతో ఊదితే రజను సాడిల్ కిందికి చేరి గీతలు పడతాయి. ఉప్పదనమున్న బోరునీటిని కూలెంట్‌లో కలపరాదు. ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ అదే నీరు పోస్తుంటే ఉప్పు పేరుకుపోతుంది. వర్షపు నీరు లేదా శుద్ధి చేసిన నీరు మేలు.

షాఫ్టు ఒకవైపు లావుగా వస్తోందా?
ముందుగా పొట్టి, మందపాటి కడ్డీని చక్‌లో మాత్రమే బిగించి, రెండు చోట్ల పలుచటి కోత తీసి మైక్రోమీటరుతో కొలవాలి. తేడా ఉంటే బెడ్ మెలిక తిరిగిందో, హెడ్‌స్టాక్ పక్కకు జరిగిందో చూడాలి. స్పిరిట్ లెవల్‌తో బెడ్‌ను సరిచేసుకోవాలి. అక్కడ తేడా లేకుండా, రెండు సెంటర్ల మధ్య తిప్పినప్పుడే తేడా వస్తే లోపం టెయిల్‌స్టాక్‌దే. ఆ వైపు 0.04 మి.మీ. లావుంటే టెయిల్‌స్టాక్‌ను అందులో సగం, అంటే 0.02 మి.మీ. టూల్ వైపునకు జరపాలి.

జాబ్‌పై అలలు పడితే..
టూల్ ఎక్కువగా బయటకు వచ్చినా, గిబ్‌లు వదులైనా జాబ్ అదిరి అలలు పడతాయి. టూల్‌ను పొట్టిగా బిగించి, దాని మొనను సెంటరు ఎత్తుకు సరిచేయాలి. వేగం తగ్గించి చూడాలి. పొడవు వ్యాసానికి నాలుగు రెట్లు దాటితే సెంటరు ఆధారం ఇవ్వాలి. అప్పటికీ అదురు తగ్గకపోతే స్పిండిల్ బేరింగులను పరీక్షించాలి.

ఇవి మరువరాదు
చక్‌లో తాళం వదిలి యంత్రాన్ని ఆన్ చేయరాదు. తిరిగే జాబ్ వద్ద చేతి తొడుగులు, వదులు చొక్కాలు ప్రాణాంతకం. కళ్లద్దాలు తప్పనిసరి. తడి వాతావరణంలో మోటారు ఎర్తింగ్‌ను తరచూ తనిఖీ చేయించాలి.