కింద ఓనరు, పైన కిరాయి

మొదటి ఇల్లే రెండంతస్తులది కొని, ఒకటి కిరాయికిచ్చి, అప్పు తేలిగ్గా తీర్చేద్దామనుకునే వాళ్లు ఓరుగల్లులో చాలామందే. ఆలోచన మంచిదే. లెక్క సరిగ్గా వేసుకుని, గీతలు ముందే గీసుకుంటేనే!

ఎండాకాలం సెలవులొస్తే హనుమకొండలో నయీంనగర్, గోపాలపురం గల్లీల నిండా టు-లెట్ బోర్డులే. కాకతీయ యూనివర్సిటీ, ఎన్‌ఐటీ, ఎంజీఎం ఆసుపత్రి, పిల్లల చదువులు... చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చి చేరేవాళ్లకు కొదవ లేదు. ఆ గిరాకీ చూసే నౌకరీ చేసుకునేవాళ్లు అపార్ట్‌మెంటు వద్దనుకుని, 150 గజాల్లో అయినా సరే రెండంతస్తుల సొంతిల్లు వెతుకుతున్నారు.

కిరాయితో కిస్తీ తీరదు

‘పై పోర్షన్ కిరాయితో లోన్ తీరిపోతుంది సార్’ అని నమ్మబలికే బ్రోకర్లు ప్రతి గల్లీలోనూ ఉంటారు. 50 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 43,400 రూపాయలు కట్టాలి. పై పోర్షన్‌కు 10 వేలు వస్తుందనుకున్నా, కిస్తీలో నాలుగో వంతు కూడా కాదు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు నెలో, రెండు నెలలో పోతాయి. ఇల్లు ఎంత నచ్చినా ఆషాఢంలో, పుష్యంలో పాలు పొంగించేవాళ్లు తక్కువ. అందుకే ఏడాదికి పది నెలల కిరాయే లెక్కలో రాసుకోవాలి.

చేతి డబ్బు సంగతీ అంతే. ఇంటి విలువలో ఎంత దాకా అప్పివ్వొచ్చో రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టింది. 30 లక్షల లోపు అప్పుకు 90 శాతం, 75 లక్షల దాకా 80 శాతం, అది దాటితే 75 శాతం. మిగతాది మనదే. దానికి తోడు 2021 జులై నుంచి తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి 7.5 శాతం. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ‘డూప్లెక్స్ కొని సగం అద్దెకివ్వండి’ అని సలహా ఇస్తుంటారు. అక్కడ ప్రభుత్వ గృహరుణ బీమా సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ పూచీతో, ఓనరు అదే ఇంట్లో ఉంటానంటే, నాలుగు పోర్షన్ల ఇంటిని కూడా 3.5 శాతం సొంత డబ్బుతో కొనొచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

పై అంతస్తుకు కాగితం ఉందా?

ఈసీ, లింకు డాక్యుమెంట్లు అందరూ చూస్తారు. పై అంతస్తుకు అనుమతి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 600 గజాల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరుకుతోంది. ఇచ్చిన మాట తప్పి కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారమూ అదే చట్టంలో ఉంది. లోపలి మెట్లున్న డూప్లెక్స్‌ను రెండు పోర్షన్లుగా మార్చేటప్పుడు చాలామంది బయటి మెట్లను ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లో వేసేస్తారు. కొనేముందు ప్లాను చేతిలో పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి.

వేయి స్తంభాల గుడి, కోట పరిసరాల్లో ఇంకో మెలిక ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా ముందస్తు అనుమతి కావాలి. ‘ఇప్పుడు కింద ఇల్లు కొనుక్కుని, పైన తర్వాత వేసుకుందాం’ అంటే అక్కడ కుదరకపోవచ్చు. వరద సంగతీ కనుక్కోండి. 2020 ఆగస్టులో, 2023 జులైలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఇరుగుపొరుగును అడిగితే చెప్తారు. కింద ఉండబోయేది మీరే.

మీటర్లు రెండు, ట్యాంకులు రెండు

ఓనరుకూ కిరాయిదారుకూ తగాదాలు ఎక్కువగా కరెంటు, నీళ్ల దగ్గరే మొదలవుతాయి. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతిలో తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. కిరాయిదారులూ అర్హులే. రెండు కుటుంబాలూ ఒకే మీటరు మీద ఉంటే ఆ హద్దు ఇట్టే దాటుతుంది, స్లాబూ పెరుగుతుంది. మెట్ల లైటు, సంపు మోటరు మీ మీటరుకే కలిపి, అందుకు నెలకింత అని ముందే చెప్పండి. పైన ట్యాంకులూ వేరుగా ఉంటే ‘నీళ్లన్నీ మీరే వాడేశారు’ అన్న మాట రాదు.

కొనేముందు, పై బాత్రూం కిందికి వచ్చే గది సీలింగ్‌ను టార్చి వేసి చూడండి. సున్నం ఉబ్బినా, పసుపు చార కనిపించినా సంకెన్ స్లాబులో నీళ్లు దిగుతున్నట్టే. కొత్తగా రంగులేసి ఉంటే అనుమానం ఇంకా పెరగాలి. పైన నహానీ ట్రాప్‌ను గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు నింపి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి సంగతి తేలిపోతుంది. కొన్నాక ఈ లీకు బాగు చేయాలంటే పై బాత్రూం టైల్సన్నీ పగలగొట్టాలి. అన్నాళ్లూ పైవాళ్లకు ఇంకో దారి చూపాలి.

సెప్టిక్ ట్యాంకునూ మరవొద్దు. ఒక కుటుంబం కోసం కట్టిన ట్యాంకును రెండు కుటుంబాలు వాడితే అది త్వరగా నిండుతుంది. పొంగేదాకా ఆగకుండా రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. వాస్తు ప్రకారం సంపు ఈశాన్యంలో, ట్యాంకు వాయవ్యంలో ఉన్నాయని తృప్తి పడితే చాలదు, రెండింటి మధ్య దూరమూ కొలవండి.

మాట కన్నా కాగితం మేలు

 కిరాయికిచ్చేటప్పుడు చాలామంది 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, రంగుల ఖర్చు ఎవరిది, బండి ఎక్కడ పెట్టాలి, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి... అన్నీ అందులోకి ఎక్కాలి. ఆదాయపన్ను రిటర్నులో కిరాయిని చూపించండి. కట్టిన ఇంటిపన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు వస్తుంది.

గేటు దగ్గర ‘మీరెవరు?’ అని కులం ఆరా తీయడం, కూర వాసనకు మొహం చిట్లించడం, వచ్చిన చుట్టాలను లెక్కపెట్టడం మానేయాలి. పై పోర్షన్ మీదే కావచ్చు, కిరాయి కట్టినన్నాళ్లూ అది వాళ్ల ఇల్లు. చెప్పకుండా తలుపు తట్టే ఓనరు దగ్గర మంచి కిరాయిదారు నిలవడు. మనిషి మారిన ప్రతిసారీ ఖాళీ నెలలు, రంగుల ఖర్చు మీ నెత్తినే.

జీతంతోనే కిస్తీ కట్టగలమనుకుంటేనే రెండంతస్తుల ఇంటి జోలికి వెళ్లండి. వచ్చే కిరాయిని మరమ్మతులకూ ఖాళీ నెలలకూ వేరే ఖాతాలో వేసుకోండి. కిరాయి వస్తేనే కిస్తీ కట్టగలం అనే పరిస్థితి అయితే, ఇప్పటికి ఒక్క అంతస్తు ఇల్లే కొనుక్కోవడం మేలు.