వెనక్కి రాగల బిందువులు

పిల్లలూ, ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. దానిమీది ప్రతి బిందువునూ ఒకే నియమం ప్రకారం కదిలిద్దాం. ఎక్స్ నిరూపకాన్ని అలాగే ఉంచి, దాని వర్గాన్ని వై కి కలపాలి. అప్పుడు (3, 2) అనే బిందువు (3, 11) కి పోతుంది. ఎక్స్-అక్షం మీది బిందువులన్నిటినీ ఇలా కదిలిస్తే సరళరేఖ కాస్తా పరావలయంగా వంగిపోతుంది. అయినా ఏ బిందువూ తప్పిపోలేదు. 11 నుంచి 9 తీసివేస్తే మళ్లీ (3, 2) దొరుకుతుంది.

ఇప్పుడు నియమం మారుద్దాం. వై ని కదపకుండా ఎక్స్ ని వై తో గుణించండి. (3, 2) ఈసారి (6, 2) అవుతుంది. వెనక్కి రావాలంటే 6 ను 2 తో భాగించాలి. బాగానే ఉంది. మరి (5, 0), (8, 0) ఏమయ్యాయి? రెండూ మూలబిందువులో పడ్డాయి. ఎక్స్-అక్షం యావత్తూ ఆ ఒక్క చుక్కలో కూలిపోయింది! సున్నతో భాగించరాదు కనుక వాటిని తిరిగి విడదీయలేము. ఇలా కొన్ని రేఖలను, బిందువులను వదిలేస్తే మిగతా అంతటా భాగహారం సాయంతో తిరిగిరాగల వాటిని బైరేషనల్ రూపాంతరాలు అంటారు. ఇటలీ గణితజ్ఞుడు లుయీజి క్రెమోనా 1863లో వీటిపై వ్యాసం ప్రకటించాడు.

మా తొమ్మిదో తరగతిలో ఇది చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మధ్య మెట్లు చెప్పకుండా చివరి సూత్రం మాత్రమే ఇస్తే విప్పగలమా?" అని అడిగింది. నాకు ముచ్చటేసింది. జర్మనీకి చెందిన హైన్రిఖ్ యుంగ్ 1942లో తేల్చింది సరిగ్గా ఈ సంగతే. తలంలో భాగహారం లేకుండా పోయి, భాగహారం లేకుండానే తిరిగిరాగల ప్రతి రూపాంతరమూ రెండే రకాల మెట్లతో కట్టినది. ఒకటి, మనం మొదట చేసినట్లు ఒక నిరూపకపు బహుపదిని రెండోదానికి కలపడం. రెండోది, ఒకటో ఘాతం దాటని మామూలు మార్పులు: తిప్పడం, జరపడం, సాగదీయడం వంటివి.

ఎలా విప్పాలో చూడండి. వై కి ఎక్స్² కలిపి, ఆ వచ్చినదాని వర్గాన్ని ఎక్స్ కి కలిపామనుకోండి.

కొత్త ఎక్స్ = ఎక్స్ + (వై + ఎక్స్²)²
కొత్త వై = వై + ఎక్స్²

మొదటి బహుపది పరిమాణం 4, రెండోదానిది 2. పెద్దదానిలోంచి చిన్నదాని వర్గాన్ని తీసివేస్తే ఉత్త ఎక్స్ మిగులుతుంది. 4 ను 2 నిశ్శేషంగా భాగించింది కనుకనే ఇది కుదిరింది. తలంలో ఇలాంటి జత ఏదైనా సరే, ఒక పరిమాణం రెండోదాన్ని భాగించి తీరుతుంది. పరిమాణాలు 2, 3 అని కనబడితే ఇక శ్రమపడనక్కరలేదు, ఆ జత భాగహారం లేకుండా తిరిగిరాదు.

కాగితం వదిలి మూడు నిరూపకాల ప్రపంచంలోకి వెళితే ఈ సుఖం లేదు. జపాన్‌కు చెందిన మసయోషి నగాటా 1972లో తిరిగిరాగల రూపాంతరం ఒకటి చూపి, దీన్ని ఇలాంటి మెట్లతో కట్టలేమేమో అన్నాడు. అది నిజమేనన్న రుజువును షెస్తకోవ్, ఉమిర్బాయెవ్ 2004లో ప్రచురించారు. మధ్యలో 32 ఏళ్లు గడిచాయి!

మీకొక చిన్న లెక్క. కొత్త ఎక్స్ = వై, కొత్త వై = ఎక్స్ + వై³. ఒక బిందువు (2, 11) కి చేరింది. అది ఎక్కడ బయలుదేరింది?